పాలపన్ను కదిలితే సరే, గడ్డం ఎందుకు మొద్దుబారింది?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. గుర్తుపట్టగలిగే సంగతులు తీసేసి, సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

వేసవి సెలవులకు ఆమె అక్క కొడుకు వాళ్లింటికి వచ్చాడు. వాడికి ఆరేళ్లు. వచ్చినప్పటి నుంచీ అన్నం కుడివైపే నములుతున్నాడు. ఎడమవైపు నమలమంటే తల అడ్డంగా ఊపుతున్నాడు. ఒక రాత్రి పెరుగన్నం తింటుంటే కింది పెదవి నుంచి రక్తం కారింది. ముద్దతో పాటు పెదవినీ కొరుక్కున్నాడు, కానీ వాడికి ఆ సంగతే తెలియలేదు. "నొప్పి పుట్టలేదా నాన్నా?" అని అడిగితే, గడ్డానికి ఎడమపక్కన వేలు పెట్టి, "ఇక్కడ నాకేమీ తెలియదు పిన్నీ" అన్నాడట.

టార్చి వేసి చూస్తే కింది ఎడమ దవడపన్ను ఒకటి కదులుతోంది. పుచ్చు లేదు. దాని చుట్టూ చిగురు ఉబ్బి ఉంది, బ్రష్ తగిలితే రక్తం వస్తోంది. అక్కను అడిగితే రెండు నెలలుగా నడుస్తున్న కథ బయటపడింది. రాత్రుళ్లు కాళ్లు నొప్పులని ఏడుస్తున్నాడు. ఎదిగే పిల్లలకు మామూలే అనుకున్నారు. ఆటకు వెళ్లినవాడు కాసేపటికే అరుగు మీద కూర్చుండిపోతున్నాడు. జ్వరం వచ్చిపోతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన చిన్న తెల్లమాత్రలు వేస్తే హుషారుగా తిరిగాడు. అవి ఆపాక మళ్లీ మొదటికి వచ్చింది.

ఆమె పిల్లాణ్ని దంతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన ఎక్స్‌రే తీసి చాలాసేపు చూసి, "ఈ పన్ను నేను ఇప్పుడు పీకను. ముందు సీబీపీ, స్మియర్ అనే రక్తపరీక్షలు చేయించండి. వాళ్ల అమ్మానాన్నలతో నన్ను మాట్లాడించండి" అని చీటీ రాసిచ్చారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

అక్కకు ఫోన్ చేసి చెబితే విరుచుకుపడింది. "పాలపన్ను కదిలితే రక్తపరీక్ష ఏమిటి? పిల్లల్ని కననిదానివి, నీకేం తెలుస్తుంది?" అన్నది. బావగారు ఆర్‌ఎంపీ మందుతో తగ్గింది కదా అంటూ, ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నారు, తమ ఊరి పళ్ల డాక్టరు ఐదు నిమిషాల్లో పీకేస్తాడట. ఈమె భర్తేమో "వాళ్ల బిడ్డ, వాళ్ల ఇష్టం, మధ్యలో మనమెందుకు?" అంటున్నారు. ఫోన్‌లో వెతికితే లుకేమియా, అంటే రక్తక్యాన్సర్, అనే మాట కంటపడిందని, ఆ రాత్రి నుంచి తనకు నిద్ర లేదని ఆమె రాశారు. నేను అతిగా భయపడుతున్నానా? ఎవరికీ చెప్పకుండా పరీక్ష చేయించనా? పంపేసి ఊరుకోనా? ఏమీ లేదని తేలితే అక్కకు ముఖం ఎలా చూపించాలి? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ డాక్టరుగారు ఆ జబ్బు పేరు ఎత్తలేదు. పిల్లాణ్ని చూడని నేను అసలే ఎత్తకూడదు. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో లుకేమియా మొదటిదే అయినా, మొత్తం మీద అది అరుదైన జబ్బు. లక్ష మంది పిల్లల్లో ఏడాదికి ఏ ముగ్గురికో ఐదుగురికో వస్తుంది. చిగుళ్ల నుంచి రక్తం వచ్చే పిల్లల్లో అత్యధికులకు ఉండేది గార, సరిగ్గా తోమకపోవడం, లేదా నోటితో గాలి పీల్చే అలవాటు. ఇది మీ భయానికి నేనివ్వగలిగిన ఊరట.

అయితే మీరు అతిగా భయపడుతున్నారని మాత్రం అనను. మీరు రాసినవాటిని విడివిడిగా చూస్తే ఒక్కోదానికీ ఒక మామూలు కారణం దొరుకుతుంది. కాళ్ల నొప్పులకు ఎదుగుదల, జ్వరానికి వాతావరణం, నీరసానికి ఎండ, పంటికి వయసు. మీ అక్క చేసింది అదే, చాలా ఇళ్లలో జరిగేదీ అదే. వాటన్నిటినీ ఒకే పిల్లాడిలో, ఒకే రెండు నెలల్లో కలిపి చూసింది మీరొక్కరే. ఆ తర్వాత మీ డాక్టరుగారు చూశారు.

ముందు పాలపన్ను సంగతి. ఆరేళ్లకు పాలపళ్లు కదులుతాయన్న మీ అక్క మాట నిజమే. కానీ ఆ వయసులో కదిలేవి ముందుపళ్లు, అందులోనూ ముందుగా కింది దవడ మధ్యలో ఉన్న రెండు. పాల దవడపళ్లు ఊడేది తొమ్మిదో ఏడు నుంచి పన్నెండో ఏడు మధ్య. కింద తయారవుతున్న శాశ్వత దంతం పైకి వస్తూ పాలపంటి వేరును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేరు పోయాకే పన్ను ఊగుతుంది. ఆరేళ్ల పిల్లాడి దవడపంటికి వేర్లు ఇంకా బలంగా ఉండాలి. పుచ్చు లేదు, దెబ్బ తగల్లేదు, చీము లేదు, అయినా పన్ను ఊగుతోందంటే దాన్ని పట్టుకుని ఉన్న ఎముకకు ఏదో అయిందని అర్థం. ఈ ఒక్క సంగతి మీ అక్కకు ఎక్స్‌రే చూపిస్తూ మీ డాక్టరుగారు రెండు నిమిషాల్లో చెప్పగలరు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బరువుగా తోచింది ఊగే పన్ను కాదు, మీ వాడు గడ్డం మీద వేలు పెట్టి చెప్పిన మాట. కింది దవడ ఎముక లోపలి నుంచి ఒక నరం సాగి, దవడపళ్ల వేర్ల దాపున ఒక చిన్న రంధ్రం గుండా బయటికి వచ్చి, ఆ పక్క కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిస్తుంది. పళ్ల డాక్టరు మత్తు ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు పెదవి మొద్దుబారేది ఆ నరం వల్లనే. ఇంజెక్షన్ లేకుండా, దవడ విరగకుండా, పంటి కింద చీముగడ్డ లేకుండా ఆ పెదవి మొద్దుబారితే, నరాన్ని లోపల ఏదో నొక్కుతోందని గానీ, నరంలోకే ఏదో చేరిందని గానీ అనుమానించాలి. లుకేమియా, లింఫోమా (శోషరస గ్రంథుల క్యాన్సర్) వంటి వాటిలో ఇది ఒక్కోసారి మొదటి సూచనగా బయటపడుతుంది. పిల్లలు దీన్ని ఫిర్యాదుగా చెప్పరు. నొప్పి లేదు కాబట్టి వాళ్ల దృష్టిలో అది జబ్బే కాదు. పెదవి మీద పంటి గాట్లు చూసి పెద్దవాళ్లే పసిగట్టాలి. మీరు పసిగట్టారు.

రక్తంలో వచ్చే జబ్బుకు నోరెందుకు చెడుతుందని మీకు అనిపించవచ్చు. రక్తకణాలు తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. పెద్దవాళ్లలో ఈ ఎర్రమూలుగ కొన్ని ఎముకలకే పరిమితమవుతుంది. చిన్నపిల్లల్లో అది దాదాపు అన్ని ఎముకల్లోనూ ఉంటుంది, దవడలోనూ ఉంటుంది. లుకేమియాలో ఎదగని తెల్లకణాలు, వైద్యులు బ్లాస్ట్‌లు అనేవి, మూలుగను ఆక్రమిస్తాయి. దవడలో అవి పెరిగితే ఎముక పలచబడుతుంది, పన్ను ఊగుతుంది, పుచ్చు లేని పన్ను నొప్పి పెడుతుంది. మీ వాడి కాళ్ల నొప్పులకు కూడా, ఒకవేళ ఇదే కారణమైతే, మూలం అక్కడే ఉంటుంది. ఎదిగే నొప్పులు సాధారణంగా రాత్రి వచ్చి తెల్లారేసరికి పోతాయి, పగలు ఆటను ఆపవు. ఆడుకునే పిల్లాడు అరుగు మీద కూర్చుండిపోతే వాటిని ఎదిగే నొప్పులని సరిపెట్టుకోకూడదు.

మూలుగలో చోటు లేక మంచి కణాలు తగ్గిపోయినప్పుడు ఆ కొరత కూడా ముందుగా నోట్లోనే కనిపించవచ్చు. ఎర్రకణాలు తగ్గితే చిగుళ్లు, పెదవుల లోపలి వైపు పాలిపోతాయి. ప్లేట్‌లెట్లు తగ్గితే బ్రష్ తగిలినా, ఒక్కోసారి తగలకపోయినా రక్తం కారుతుంది, అంగిలి మీద ఆవగింజ కన్నా చిన్న ఎర్రచుక్కలు లేస్తాయి. వేలితో నొక్కినా ఆ చుక్కల రంగు పోదు. పనిచేసే తెల్లకణాలు తగ్గితే మానని పుండ్లు, తెల్లటి పూత, మెడలో బిళ్లలు వస్తాయి. చిగుళ్లు మెత్తగా ఉబ్బి పళ్లనే కప్పేసే పరిస్థితి అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో, అందులోనూ మోనోసైట్ రకాల్లో ఎక్కువ. చిన్నపిల్లల్లో ఎక్కువగా వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో చిగుళ్లు అంతగా ఉబ్బకపోవచ్చు. అందుకని చిగురు కొంచెమే వాచింది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

మీ డాక్టరుగారు ఎక్స్‌రేలో ఏం చూసి ఆగారో ఊహించగలను. ఆరోగ్యంగా ఉన్న పంటి వేరు చుట్టూ సన్నని తెల్లగీత ఒకటి కనిపిస్తుంది. దవడ లోపల తయారవుతున్న శాశ్వత దంతపు మొగ్గ చుట్టూ కూడా అలాంటి గీతే ఉంటుంది. ఎముకలోకి ఏదైనా చొరబడితే ఆ గీతలు చెరిగిపోతాయి. మొగ్గ తన చోటు నుంచి పైకి జరుగుతుంది. చిగురు మామూలు జబ్బుతో వాచినప్పుడు ఇలా జరగదు. ఆయన మాట తక్కువగా మాట్లాడటం మీకు భయం కలిగించింది, నిజమే. కానీ పరీక్ష లేకుండా పేరు పెట్టకపోవడం, పన్ను ముట్టుకోకపోవడం రెండూ ఆయన చేసిన సరైన పనులు. డబ్బు కోసం పరీక్షలు రాస్తారన్న అనుమానం మీ బావగారికి ఉంటే ఈ మాట చెప్పండి: అప్పటికప్పుడు పన్ను పీకి ఫీజు తీసుకోవడమే ఆయనకు సులువు, ఆయన దాన్ని వదులుకున్నారు.

ఇది వేరే జబ్బు కూడా కావచ్చు. దవడ ఎముకలో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. లాంగర్‌హాన్స్ హిస్టియోసైటోసిస్ అనే జబ్బులో పళ్ల చుట్టూ ఎముక కరిగి పళ్లు ఊగుతాయి. బర్కిట్ లింఫోమా పిల్లల దవడలో చాలా వేగంగా పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు అనగానే మన వాళ్లు డెంగీ అంటారు. డెంగీలోనూ చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు, కానీ అది కొన్ని రోజుల్లో తేలిపోయే జ్వరం. రెండు నెలలు సాగదు, పళ్లను కదిలించదు. బొప్పాయి ఆకు రసం పోసి కాలం గడిపే సందర్భం కాదిది.

ఇక ఆ తెల్లమాత్రలు. "ఆర్‌ఎంపీ మందుతో తగ్గింది కదా" అన్నది మీ బావగారి వాదనలో గట్టి భాగం. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేదీ అదే. పేరు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే చిన్న మాత్రల్లో స్టెరాయిడ్ ఉండటం మన ఊళ్లలో కొత్త కాదు. స్టెరాయిడ్‌తో జ్వరం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, పిల్లాడు లేచి తిరుగుతాడు. అంతేకాదు, లింఫోబ్లాస్టిక్ లుకేమియా చికిత్సలో వాడే ప్రధాన మందుల్లో స్టెరాయిడ్ ఒకటి. జబ్బు ఏమిటో తెలియకుండా అది కొన్నాళ్లు పడితే బ్లాస్ట్ కణాలు తాత్కాలికంగా తగ్గి, పరీక్షలో జబ్బు దొరక్కుండా పోవచ్చు. తర్వాత దాని తీవ్రతను అంచనా వేయడం కూడా కష్టమవుతుంది. అవి స్టెరాయిడ్లో కాదో నాకు తెలియదు. మీ బావగారిని ఒక్క పని అడగండి. ఆ ఆర్‌ఎంపీ దగ్గర మాత్రల పేరు కనుక్కోమనండి, ఎన్ని రోజులు వేశారో, ఎప్పుడు ఆపారో రాసుకోమనండి. ఆ కాగితం రేపు ఏ డాక్టరుకైనా ఎంతో అవసరం. అప్పటిదాకా ఆ మాత్రలు మళ్లీ వేయవద్దు. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వవద్దు, అవి ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ ఇవ్వవచ్చు, అయితే ముందు జ్వరం చూసి అంకె రాసుకుని ఇవ్వండి. ఎందుకంటే అది జ్వరాన్ని దాచేస్తుంది.

సీబీపీ అంటే ఒక చిన్న గొట్టంలో రక్తం తీసి కణాలను లెక్కపెట్టడం. కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది, ఫలితం చాలావరకు అదే రోజు చేతికొస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. లుకేమియా అంటే తెల్లకణాలు విపరీతంగా పెరగడమేనని చాలామంది అనుకుంటారు. అవి లక్ష దాటవచ్చు, మామూలుగానే ఉండవచ్చు, తక్కువగానూ ఉండవచ్చు. కాబట్టి యంత్రం ఇచ్చిన అంకెలతో ఆగకుండా, రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి పాథాలజిస్టు సూక్ష్మదర్శినిలో కళ్లారా చూడాలి. చీటీ మీద మీ డాక్టరుగారు "స్మియర్" అని రాసింది అందుకే. ల్యాబ్‌లో ఆ మాట గట్టిగా చెప్పండి. రిపోర్టులో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు రెండూ పడిపోయి ఉన్నా, బ్లాస్ట్‌లు కనిపించాయని రాసినా, ఆ రోజే పిల్లల రక్తవ్యాధుల నిపుణుడి దగ్గరకు వెళ్లాలి. జబ్బు ఖాయమా కాదా తేల్చేది మూలుగ పరీక్ష.

రిపోర్టు అంతా బాగుందని వస్తే సంతోషించండి, కానీ ఆ కాగితంతో కథ ముగిసిందనుకోవద్దు. పన్ను ఎందుకు ఊగుతోంది, గడ్డం ఎందుకు మొద్దుబారింది అన్నవాటికి అప్పటికీ జవాబు కావాలి. అప్పుడు దవడకు స్కాన్, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షించడం ఉంటాయి.

ఆదివారం వాళ్ల ఊళ్లో పన్ను పీకేస్తే ఏమవుతుందో చెబుతాను. ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉండాలి. యాభై వేలకు దిగువన ఉంటే పన్ను తీసిన చోట రక్తం ఆగడం కష్టమవుతుంది. ఇన్ఫెక్షన్‌ను అడ్డుకునే తెల్లకణాలు లేకపోతే ఆ గాయం నుంచి దవడకు, అక్కడి నుంచి ఒంటికంతా పాకుతుంది. ఇంత ప్రమాదం కొనితెచ్చుకున్నా అసలు సంగతి తేలదు, పక్కపన్ను కూడా ఊగడం మొదలుపెడుతుంది. చిగురు కోసి సరిచేస్తామన్నా ఇదే మాట. జబ్బు లుకేమియాయే అయితే చిగుళ్ల వాపు దానికిచ్చే మందులతోనే తగ్గుతుంది, కత్తితో పనిలేదు. పన్ను ఒక వారం ఆగినా పిల్లాడికి నష్టం లేదు. రక్తపరీక్ష ఒక వారం ఆగితే ఉండవచ్చు.

ఇంత చెప్పాక మీ ఇంటి చిక్కు దగ్గరికి వస్తాను. ఒక్కటి మొదటే చెప్పాలి. బిడ్డ వైద్యం విషయంలో నిర్ణయం తల్లిదండ్రులది. చట్టప్రకారమే కాదు, రేపు ఆసుపత్రిలో నెలల తరబడి వాడి పక్కన కూర్చోవలసింది వాళ్లే కనుక కూడా.

నాకు అన్నిటికంటే నచ్చిన దారి, మీరు వాదించడం మానేసి డాక్టరుగారిని మాట్లాడనివ్వడం. ఇప్పుడు మీ అక్క వింటున్నది రక్తపరీక్ష గురించి కాదు, "నీ బిడ్డను నువ్వు సరిగ్గా చూసుకోలేదు" అని చెల్లెలు అంటున్నట్టుగా వింటోంది. అదే మాట ముక్కూమొహం తెలియని వైద్యుడి నోట వస్తే ఆ ముల్లు ఉండదు. వీడియో కాల్ పెట్టి, ఎక్స్‌రే చూపించి, దవడపళ్లు ఊడే వయసు ఆయన చేతనే చెప్పించండి. బావగారు కూడా ఆ కాల్‌లో ఉండాలి. అడిగేది చిన్నదే ఉండాలి: పన్ను పీకాలన్నా ముందు రక్తం గడ్డకడుతుందో లేదో చూడాలి, దానికి ఒక్క పరీక్ష. ఇది సాకు కాదు, నిజం. చిగుళ్ల నుంచి రక్తం కారుతున్న పిల్లాడికి ఏ జాగ్రత్తగల డాక్టరైనా ఇది చేయించాకే పన్ను తీస్తాడు. పెద్ద జబ్బు పేరు మీరై ఎత్తవద్దు. కానీ "దేన్ని అనుమానిస్తున్నారు?" అని మీ అక్క సూటిగా అడిగితే అబద్ధం చెప్పవద్దు. ఇందులో నష్టం ఏమిటంటే, ఆమె అసలు ఫోన్ తీయకపోవచ్చు. అప్పుడు డాక్టరుగారి చేత బావగారికి నేరుగా చేయించండి.

వాళ్లు ఒప్పుకోకుండా ఆదివారమే వస్తే, పిల్లాడితో పాటు మీరూ ఆ ఊరు వెళ్లవచ్చు. ఎక్స్‌రే, చీటీ మీ చేతిలో ఉంటాయి. ముందుగానే మీ డాక్టరుగారిని వాళ్ల ఊరి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడమని కోరండి. సాటి వైద్యుడు హెచ్చరించాక పట్టుకారు చేతపట్టేవాళ్లు అరుదు. ఇలా చేస్తే కొన్ని రోజులు పోతాయి, మీకు సెలవు దొరకాలి, మీ ఇంట్లో మాట పడాలి. కానీ అక్కతో మాట నిలుస్తుంది, పరీక్ష వాళ్ల చేతుల మీదుగానే జరుగుతుంది.

ఎవరికీ చెప్పకుండా చేయించడం గురించి అడిగారు. ల్యాబ్‌లో మిమ్మల్ని ఎవరూ ప్రశ్నించరు, రక్తం తీసేస్తారు. కానీ అది రహస్యంగా ఉండదు. సూది గుచ్చారని ఆరేళ్ల పిల్లాడు ఆ రాత్రే వాళ్లమ్మకు చెబుతాడు. చెప్పవద్దని వాడికి నేర్పడం మాత్రం అసలు చేయవద్దు. రిపోర్టు చెడుగా వస్తే అక్క ముందు రెండు విషయాలు ఒకేసారి వచ్చిపడతాయి. ఒకటి బిడ్డ జబ్బు, రెండోది మీరు దాచిన సంగతి. ఆమె కోపం రెండోదాని మీదికి మళ్లితే చికిత్సకు అవసరమైన రోజులు గొడవలో పోతాయి. కాబట్టి మొదటి దారిగా దీన్ని నేను చెప్పను. ఫోన్లు, బతిమాలడం అన్నీ అయ్యాక, ఇంకా పీకించడానికే సిద్ధపడితే, అప్పుడు కూడా దాచకుండా ముందే సందేశం పెట్టి చేయించండి: "అక్కా, డాక్టరు రాసిన రక్తపరీక్ష చేయిస్తున్నాను, రిపోర్టు రాగానే నీకే ముందు పంపుతాను." తిట్లు తప్పవు. చేతిలో అంకెలు మాత్రం ఉంటాయి, వాటితో ఎవరూ వాదించలేరు.

చివరిది, పంపేసి ఊరుకోవడం. మీ వారు చెప్పిన ఈ దారిలో ఈ వారం ఇంట్లో శాంతి ఉంటుంది. మీ వాడి గడ్డం మాత్రం అలాగే ఉంటుంది. ఈ దారిని నేను మీకు సూచించలేను.

ఈ లెక్కలన్నీ పిల్లాడు ఇప్పుడున్నట్టే ఉన్నంతవరకే. నూట ఒక్క డిగ్రీ దాటిన జ్వరం, చిగుళ్లనుంచో ముక్కునుంచో ఒత్తిపట్టినా ఆగని రక్తం, ఒంటి మీద దెబ్బ లేకుండా కమిలిన మచ్చలు, ఆయాసం, మగత, ఆగని తలనొప్పితో వాంతులు, వీటిలో ఏది కనిపించినా ఎవరి అనుమతి కోసమూ ఆగవద్దు. రాత్రయినా సరే, పిల్లల వైద్యం ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, దారిలోంచి అక్కకు ఫోన్ చేయండి.

ఒకవేళ ఆ జబ్బే అని తేలితే? మీరు రాయకపోయినా మీ ఉత్తరం అంతటా ఈ ప్రశ్నే ఉంది. పోయిన శతాబ్దం సగం వరకు ఈ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో చనిపోయేవారు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు పదహారు మంది పిల్లలకు అమినాప్టెరిన్ అనే మందు ఇస్తే పదిమందిలో కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. ఆ మందు తయారైంది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనలో. దాని వెంటే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ లింఫోబ్లాస్టిక్ లుకేమియా పిల్లలకు ఇస్తున్నారు. మంచి వైద్య సదుపాయాలున్న దేశాల్లో ఈ రకం వచ్చిన పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిది మంది బతుకుతున్నారు. మన దేశంలో పెద్ద కేంద్రాల్లోనూ సగానికి చాలా మించి నయమవుతున్నారు. మన దగ్గర ఫలితాలు వెనకబడటానికి పెద్ద కారణాల్లో రెండు, ఆలస్యంగా రావడం, మధ్యలో మానేయడం. చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి నెలలు గట్టిగా ఉంటాయి, తర్వాత ఎక్కువ భాగం ఇంటి నుంచే వచ్చిపోతూ సాగుతుంది. పిల్లాడు బడికి కూడా వెళ్తాడు.

హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, బసవతారకం ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. తెలంగాణ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్ అయితే ఎన్టీఆర్ వైద్య సేవ. ఖర్చు గురించి బావగారు లోలోపల భయపడుతూ ఉండవచ్చు. చాలామంది తండ్రులు ఆ భయాన్ని పైకి చెప్పరు, "ఏమీ లేదులే" అన్న మాట వెనక దాస్తారు. వాళ్ల కార్డు ఏ రాష్ట్రానిదో, ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో మీరు ముందుగా కనుక్కుని ఉంచితే, అది మీరు చేయగల అసలైన సాయం.

దంతవైద్యుడి అవసరం అప్పటితో తీరదు. మెథోట్రెక్సేట్ వంటి మందులు నోరంతా పుండ్లు చేస్తాయి. మెత్తటి బ్రష్, ఉప్పునీటి పుక్కిలింత, కారం లేని మెత్తటి అన్నం ఆ రోజుల్లో మందులంత ముఖ్యం. పళ్లకు ఏ చిన్న పనైనా రక్తకణాల లెక్క చూసుకుని, క్యాన్సర్ డాక్టరును అడిగాకే చేయాలి. ఈ జాగ్రత్తలు మీరు ఈ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు. వేపపుల్ల, పళ్లపొడితో వేలు పెట్టి రుద్దడం ఆపండి. వాడు మొద్దుబారిన పెదవిని కొరుక్కోకుండా, మరీ వేడివి తాగి కాల్చుకోకుండా పక్కన కూర్చుని తినిపించండి.

ఏమీ లేదని తేలితే అక్కకు ముఖం ఎలా చూపించాలన్నారు. కొన్ని వందలు ఖర్చు, ఒక సూది పోటు, కొన్నాళ్ల మాటపట్టింపు, అంతే మిగులుతుంది. అలా తేలాలనే నేనూ కోరుకుంటున్నాను. పిల్లల్ని కననిదానివి అన్న మాటకు ఇప్పుడు జవాబు చెప్పకండి. అది మిమ్మల్ని ఎంత కోసిందో మీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం దగ్గర నాకు తెలిసింది. ఆ మాట అన్నది భయపడ్డ తల్లి, అయినా అది అనకూడని మాటే. పిల్లాడి సంగతి ఒక కొలిక్కి వచ్చాక, మీ ఇద్దరే ఉన్నప్పుడు, మీకు ఎంత బాధ కలిగిందో చెప్పండి. దిగమింగి ఊరుకోమని నేను చెప్పను.

పిల్లాడికేం చెప్పాలో మీరు అడగలేదు, కానీ వాడు అడుగుతాడు. "పన్ను ఎందుకు ఊగుతోందో రక్తంలో చూస్తారు, సూది చిటుక్కుమంటుంది, వెంటనే తీసేస్తారు" అని చెప్పండి. నొప్పి ఉండదని మాత్రం చెప్పకండి. ఆ సూది నిజంగా నొప్పి పెడితే, ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటా వాడు నమ్మడు.